ఎడమచుట్టు సకినాలు

సూర్యాపేట,
జూన్ 9.

గౌరవనీయులైన కస్టమర్ లక్ష్మీకాంతమ్మ గారికి,

మీరు అడిగిన అరకిలో సకినాలు ఈ డబ్బాలో ఉన్నాయి. నువ్వులు ఎక్కువ, వాము తక్కువ. అయితే ఒక అనుమానం. కోదాడలో మీరిచ్చిన అడ్రసుకు నేను మూడేళ్లు వచ్చిపోయాను. లక్ష్మీకాంతమ్మ అంటే కింది వాటాలో ఉండే ఓనరమ్మ. ఆమెకు పైనా కిందా కలిపి ఒక్క పన్ను లేదు. జావ తాగే మనిషి సకినాలు దేనితో కొరుకుతుంది ప్రవళికా?

పట్టుకున్నాను కదా! పోటీదారు సరుకు తెప్పించుకుని, విరిచి, వాసన చూడటం వ్యాపారంలో మామూలే. కాని దొంగపేరు పెట్టేటప్పుడు పళ్లున్న మనిషి పేరైనా పెట్టుకోవాలి.

ఫోన్లో నువ్వు నన్ను బ్లాక్ చేశావు, నేను నిన్ను చేశాను. అందుకే చెప్పదలచుకున్నది డబ్బాలో పెడుతున్నాను. మూడేళ్ల కింద నీ ఫోను, నా బాణలి, ఐదు కిలోల కొత్తబియ్యం, ఇంతే పెట్టుబడితో 'రెండు చేతులు' అని పేజీ తెరిచాం. నీది కుడిచెయ్యి, నాది ఎడమచెయ్యి, అందుకని ఆ పేరు నువ్వే పెట్టావు. ఏప్రిల్లో ఒక మధ్యాహ్నం పాస్‌వర్డ్ మార్చేసి నన్ను బయట నిలబెట్టావు. మనల్ని చూసే పద్దెనిమిది వేలమంది గంటలో నీవాళ్లయిపోయారు. నేను సున్నా నుంచి 'జ్యోత్స్న సకినాలు' అని ఇంకో పేజీ పెట్టుకున్నాను.

అదీ ఓర్చుకున్నాను. కాని నా కొత్త పేజీ కింద మొట్టమొదటి రివ్యూ పెట్టింది ఎవరు? పేరు 'ఒక గృహిణి' అట. 'ఈమె ఎడమచేత్తో చుడుతుంది. ఎడమచుట్టు సకినాలు పెళ్లి సారెకు పనికిరావు, అశుభం' అని రాసింది. అది చదివి సారెకు అడిగిన మూడు ఇళ్లవాళ్లు వెనక్కి తగ్గారు. సారె ఆర్డర్లు లేకపోతే మన పనిలో మిగిలేది పొయ్యి పొగే.

తుంగతుర్తిలో మా చిన్నమ్మ పెళ్లప్పుడు ఆడవాళ్లంతా పిండితో గౌరమ్మను చేసి, బట్ట పరిచి సకినాలు చుట్టడానికి కూర్చుంటే, పదేళ్ల దాన్ని, నేనూ కూర్చున్నాను. 'లే బిడ్డా, పుర్రచెయ్యి పెట్టకు, మంచిది గాదు' అని అందరి ముందు లేపేశారు. ఆ సంగతి మిర్యాలగూడ హాస్టల్లో నీ ఒక్కదానికే చెప్పుకుని ఏడ్చాను. ఆ రోజు నా ఎడమచెయ్యి పట్టుకుని నువ్వేమన్నావో గుర్తుందా? నాకుంది.

మా అత్త బాలమ్మ గడువు పెట్టింది. 'కార్తీక పున్నం దాక సూస్త. గప్పటికి నిలబడకుంటే ముందటి అర్ర సెల్‌ఫోన్ల షాపోనికి కిరాయికిస్త. నువ్వు మల్ల బడికి పో' అంది. ఆ ప్రైవేటు బడి కరస్పాండెంట్ టేబుల్ మీద రాజీనామా విసిరి వచ్చిన దాన్ని. మళ్లీ వెళ్లి అతని ముందు నిలబడితే అది నీవల్లే.

నీ జవాబు తెలియాలంటే నీ సరుకు కొనాలి. మా అత్త పేరు మీద నీ పేజీలో అరకిలో పెట్టాను. ఆమెకు పళ్లున్నాయి.

ఇట్లు, నీ శత్రువు
జ్యోత్స్న

*

కోదాడ,
జూన్ 16.

సూర్యాపేట బాలమ్మ గారికి నమస్కారాలు.

మీ కోడలికి ఈ కాగితం అందజేయగలరు.

జ్యోత్స్నా, సకినాలు తిన్నాను. బాగున్నాయి. వేపు ఒక్క నిమిషం ఎక్కువైంది, అది నీ కోపం వల్ల కావచ్చు.

పాస్‌వర్డ్ మార్చాను, నిజమే. ఎందుకు మార్చానో నిన్ను నువ్వు అడుగు. నీకు తెలియకపోతే తెలియనట్టు నటిస్తున్నావని అనుకుంటాను. రివ్యూ గురించి: నీది ఎడమచెయ్యి అని కనిపెట్టడానికి హాస్టల్లో ఉండక్కర్లేదు. సకినం బల్లమీద పెట్టి చూస్తే ఎవరికైనా తెలుస్తుంది, లోకంలో అన్నీ అటు తిరిగితే నీవి ఇటు తిరుగుతాయి.

నువ్వు పెట్టింది రివ్యూ కాదు కాని, ఆ రోజు ఫోన్లో నువ్వు అన్న మాట ముందు ఏ రివ్యూ అయినా దిగదుడుపే. దాని గురించి నీ ఉత్తరంలో ఒక్క అక్షరం లేదు. ఎంత హాయిగా మర్చిపోయావు!

ఇక నా వైపు లెక్క కూడా విను. మే నెల నుంచి నా పేజీ కింద తొమ్మిది చెడ్డ రివ్యూలు పడ్డాయి. 'పాత నూనె', 'ముక్కిపోయిన పిండి'. నువ్వేమో నా కంటే పాతిక రూపాయలు తగ్గించి అమ్ముతున్నావు. నన్ను నడిరోడ్డుకు లాగాలని కంకణం కట్టుకున్నట్టున్నావు. కానీ చూద్దాం, ఎవరి బాణలి ముందు చల్లారుతుందో.

నీ జవాబు కోసం మళ్లీ ఆర్డర్ పెడుతున్నాను. పేరు మా ఓనరమ్మదే. మారిస్తే నువ్వు గెలిచానని అనుకుంటావు.

ప్రవళిక

*

సూర్యాపేట,
జూన్ 25.

పళ్లు లేని లక్ష్మీకాంతమ్మ గారికి,

నేను ధర తగ్గించానా? నువ్వు తగ్గిస్తే కదా నేను తగ్గించింది! 'రెండు చేతులు రేటు పడిపోయింది, మీరూ దిగండి, లేకపోతే మునుగుతారు' అని చెప్పిన మనిషి ఉన్నాడు. సాక్ష్యం ఉంది.

ఇగ నీ ఆటలు నా దగ్గర సాగవు. నా పేజీ కింద ఇప్పటికి పదమూడు చెడ్డ రివ్యూలు. వాటిలో ఒకదానికి ఫోటో కూడా పెట్టారు, 'చూడండి ఎంత నూనె పీల్చాయో' అని. ఆ ఫోటో పెద్దది చేసి చూశాను. అవి కుడిచుట్టు సకినాలు! నా చేతిలో కుడిచుట్టు సకినం పుట్టదు, నువ్వే అన్నావు కదా. నీ సకినాలు ఫోటో తీసి నావని పెట్టావు. ఇంత చదువుకున్నదానివి, దొంగతనంలో మాత్రం ప్రతిసారీ ఏదో ఒకటి మర్చిపోతావు.

మా అత్తకు ఆ ఫోటో చూపించాను. 'గా పిల్ల ఇంటికొచ్చి నా చేతి అన్నం తిన్నదే. తిన్నింటి వాసాలు లెక్కబెట్టింది' అని ఆమె కూడా శాపనార్థాలు పెట్టింది. ఆమె నా పక్షాన మాట్లాడటం ఈ ఏడాదిలో అదే మొదటిసారి, అందుకు నీకు థాంక్స్.

ఆ ఫోటో అచ్చు తీయించి ఇందులో పెడుతున్నాను. అద్దంలో నీ మొహం పక్కన పెట్టుకుని చూసుకో. ఈ పగ నేను విడిచేది కాదు. బాలమ్మ పేరు మీద అరకిలో పెట్టాను.

జ్యోత్స్న

*

కోదాడ,
జూలై 8.

జ్యోత్స్నా,

ఈసారి 'గారు' లేదు, వెటకారం లేదు. నిదానంగా చదువు.

నువ్వు పంపిన ఫోటో చూసి నా పేజీ తెరిచాను. నా కింద మే నెలలో పడిన రివ్యూకి కూడా ఇదే ఫోటో. అదే పళ్లెం, అదే పూల అంచు. నా సకినాలు నావేనని చెప్పి నన్ను నేనే తిట్టుకుంటానా?

ఇంకా చూడు. ఆ పళ్లెంలో ఏడు సకినాలున్నాయి. అన్నిటికీ ఐదే చుట్లు. నేను చుడితే ఒకటి నాలుగున్నర, ఒకటి ఐదుంపావు వస్తుంది, ఫోన్ మోగితే నాలుగే. పైగా వేళ్ల మధ్య పిండి నలిపి మెలిక తిప్పుతాం కాబట్టి ప్రతి సకినానికీ ఒకచోట లావు, ఒకచోట సన్నం ఉంటుంది. వీటికి మెలికే లేదు, గీతలున్నాయి. బయటి చుట్టు కొసన చిన్న నొక్కు ఉంది చూడు. ఏడింటికీ అదే చోట.

ఇవి చేతివి కావు జ్యోత్స్నా. మిషనువి.

నీకు ధర సంగతి చెప్పిన 'మనిషి' ఎవరు? పేరు రాయి. నాకూ ఒకడు చెప్పాడు.

ప్రవళిక

*

సూర్యాపేట,
జూలై 15.

ప్రవళికా,

ఫోటో మా అత్తకు మళ్లీ చూపించాను. వేలితో లెక్కపెట్టి, 'అవునే, అచ్చు కొట్టినట్టున్నయి. గా పిల్లను ఉత్తగనే తిట్టినం' అంది. శాపనార్థాలు వెనక్కి తీసుకుంటుందట. నేను తీసుకోను, నాది వేరే ఖాతా.

ఆ మనిషి పేరు అభినవ్. మిర్యాలగూడలో రైస్‌మిల్లు కైలాసం సేటు కొడుకు. మనం నూకలేని కొత్తబియ్యం కొనేది వాళ్ల దగ్గరే కదా, కౌంటర్లో కూర్చునే అబ్బాయి. మార్చిలో మా ఇంటికి వచ్చాడు. 'అక్కా, ప్రవళిక మేడం పేజీ నాకు అమ్ముతున్నది. మీకు చెప్పలేదా?' అన్నాడు. నేను నమ్మలేదు. పదిరోజులకు నువ్వు పాస్‌వర్డ్ మార్చావు. అప్పుడు నమ్మాను. అప్పుడే నీకు ఫోన్ చేశాను.

నీకు ఏం చెప్పాడు?

జ్యోత్స్న

*

మిర్యాలగూడ,
ఆగస్టు 2.

జ్యోత్స్నా,

మన హాస్టల్ సందులో ఉన్న టీ కొట్టులో కూర్చుని రాస్తున్నాను. నీ ఆర్డర్ డబ్బా నా సంచిలోనే ఉంది, ఇక్కడి నుంచే కార్గోలో వేస్తాను.

నాకు చెప్పింది వింటావా? 'జ్యోత్స్న అక్క పేజీ నాకు ఇచ్చేస్తానంది. అడ్వాన్స్ కూడా తీసుకుంది' అన్నాడు. నేను నమ్మాను. పేజీ కాపాడాలని అదే రోజు పాస్‌వర్డ్ మార్చాను. నిన్ను ఒక్క మాట అడగలేదు. అది నా తప్పే, రాసిస్తున్నాను. నిన్ను అడిగే లోపలే నువ్వు ఫోన్ చేసి ఆ మాట అన్నావు. ఆ తర్వాత అడగాలని అనిపించలేదు.

పిట్టపోరు పిల్లి తీర్చినట్టయింది మన బతుకు. పిల్లిని ఇవాళ చూసొచ్చాను. బియ్యం కొనే నెపంతో మిల్లుకు వెళ్లాను. వెనక షెడ్డులో మిషను ఉంది. ఒకవైపు పిండి పోస్తే ఇంకోవైపు గిరగిరా సకినాలు పడుతున్నాయి. అతని పేజీ పేరు 'పల్లె చేతులు'. ఇంకో పదకొండు రోజుల్లో మన రేటులో సగానికి అమ్మకం మొదలట. ఆ పేజీలో పెట్టిన వీడియోలో చేతులు ఎవరివనుకున్నావు? మిల్లులో బియ్యం చెరిగే బుచ్చమ్మవి. ఆమెనే అడిగాను. 'ఒక్కనాడు కూసోబెట్టి ఫోటువలు దీసిన్రు బిడ్డా. గాజులు గూడ ఆల్లే ఏసిన్రు, మల్ల ఇడిపిచ్చుకున్నరు' అంది.

నాకు కడుపు మండిపోతోంది. మన ఇద్దరి చేతులూ విరిచి వాడు చేతుల పేరు పెట్టుకున్నాడు. ఏదైనా చేయాలి. నేను నీ స్నేహితురాలినని కాదు, శత్రువు ఒకడే అయ్యాడని.

ప్రవళిక

*

సూర్యాపేట,
సెప్టెంబర్ 11.

ప్రవళీ,

పాత అలవాటుగా రాసేశాను, కొట్టేయను.

దేవుడున్నాడే! నిన్న ఒక ఫోన్ వచ్చింది. 'అమ్మా, నేను మిర్యాలగూడ నుంచి ఆండాళును. కైలాసం సేటు భార్యను' అంది. నేను తిట్టడానికి నోరు తెరిచాను. ఆమె ముందే అందుకుంది. 'కార్తీకంల మా అమూల్య పెండ్లి. పిల్లగానోళ్లది కోదాడ. సారెకు సకినాలు గావాలె. మా వాని మిషను సకినాలు వియ్యపురాలి ముందర పెడ్తే నా ఇజ్జత్ ఉంటదా? జర నువ్వు, కోదాడ పిల్ల కలిసి చెయ్యాలె. డబ్బాల మీద పేరు మాత్రం వద్దు. మా వానికి తెల్వద్దు' అంది.

చూశావా! సొంత తల్లి నోట్లో పెట్టుకోదు వాడి సరుకు. నలభై డబ్బాలు. మధ్యలో పెట్టడానికి పళ్లెమంత పెద్ద సకినం ఒకటి. సగం నువ్వు, సగం నేను.

ఇగ నా ఆలోచన విను. పేరు వద్దంది, పెట్టను. నేను చుట్టేవన్నీ నా చేత్తోనే చుడతాను, పెద్దదానితో సహా. సారె మధ్యలో ఎడమచుట్టు! వాళ్లు శకునాలు చూసే మనుషులు. రేపు వియ్యాలవారి ఇంట్లో పదిమంది ముసలమ్మలు చూసి ముక్కున వేలేసుకోవాలి. 'ఎడమచుట్టు సారెకు పనికిరావు' అని నా నోట్లో మట్టి కొట్టాడు కదా ఆ గృహిణి వేషం వేసిన అభినవ్. వాడు వేసిన రాయి వాడి ఇంటి మీదే పడాలి. కుక్కకాటుకు చెప్పుదెబ్బ.

ఏమంటావు?

జ్యోత్స్న

*

కోదాడ,
సెప్టెంబర్ 19.

జ్యోత్స్నా,

వద్దు. వద్దంటే వద్దు.

అమూల్య ఏం చేసింది? ఇరవై మూడేళ్ల పిల్ల. అన్న చేసిన పాపానికి కొత్తగా అడుగుపెట్టే ఇంట్లో ఆ పిల్లని ముసలమ్మల నోళ్లల్లో పడేస్తావా? పెళ్లయిన నెలకు ఆ ఇంట్లో పాలు విరిగినా సారె సకినాలే తలచుకుంటారు. శుభకార్యానికి ఎడమచుట్టు వద్దు. నీ వాటా కూడా నేనే చుడతాను, నువ్వు వేపి డబ్బాలకెత్తు. లేదంటే మీ అత్తతో కుడిచుట్టు చుట్టించు.

అభినవ్ మీద పగ నాకూ ఉంది. దానికి వేరే దారి చూద్దాం.

ప్రవళిక

*

సూర్యాపేట,
అక్టోబర్ 4.

ప్రవళికా,

నీ ఉత్తరంలో ఒక వాక్యం నాలుగుసార్లు చదివాను. ఏదో చెప్పను.

సరే. అమూల్యకు చెడు జరిగే పని నేను చేయను, మాట ఇస్తున్నాను. నీ వాటా నువ్వు చుట్టు, నా వాటా నా ఇంట్లో అవుతుంది. పెద్ద సకినం కూడా ఇక్కడే. పరేషాన్ కాకు.

జ్యోత్స్న

*

కోదాడ,
నవంబర్ 2.

ఒసేయ్ జ్యోత్స్నా,

ఎంత మోసం చేశావే! కాని ముందు జరిగింది చెప్పనీ.

పెళ్లికొడుకు వాళ్లు మా వీధి చివరే. నిన్న సారె విప్పే వేళకు నన్నూ పిలిచారు. ఆండాళమ్మ, అమూల్య, అభినవ్ అందరూ ఉన్నారు. అభినవ్ చుట్టాలందరికీ పంచడానికి తన 'పల్లె చేతులు' పొట్లాలు తెచ్చాడు. నీ డబ్బాలు విప్పారు. పెద్ద సకినం తెల్లబట్ట మీద పెట్టారు. ఎడమచుట్టు! చిన్నవీ ఎడమచుట్టే! నేను అమూల్య మొహం వంక చూశాను. నిన్ను కసిగా తిట్టుకున్నాను.

చుట్టాల్లో ఎవరో, 'ఇవి కూడా మన అభినవ్ కంపెనీవేనా?' అని అడిగారు. వాడు చొక్కా సర్దుకుని, 'అవునండీ, మా పల్లె ఆడవాళ్ల చేతివే' అన్నాడు. వాళ్ల అమ్మ ఎదుటే! ఆమె నేల చూపులు చూసింది.

పెళ్లికొడుకు నాయనమ్మ ఎనభై ఏళ్ల మనిషి. ఒక చేతిలో నీ సకినం, ఒక చేతిలో వాడి పొట్లంలోది పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. ఒకటి కొరికింది. రెండోది కొరికింది. 'బాబూ, ఇది ఎడమచేతి వాటం పిల్ల చుట్టింది. గుల్లగా, వేళ్ల మెలిక పోకుండా ఎంత బాగా చుట్టిందయ్యా! మీ ఆడవాళ్లలో ఆ పిల్ల ఎవరు? పేరు చెప్పు, రవికెల గుడ్డ పెట్టాలి' అంది.

వాడు నోరు తెరిచాడు. పొట్లాల వంక చూశాడు. 'బుచ్చమ్మ' అన్నాడు చివరికి. సారె మోసుకొచ్చిన ఆడవాళ్లలో బుచ్చమ్మ అక్కడే ఉంది! 'అయ్యో సేటూ, నాది కుడిచెయ్యే. నాకు సకినాలు సుట్టనే రాదు, బియ్యం సెరుగుడు దప్ప' అంది. ఇల్లంతా ఒక్కటే నవ్వు. నాయనమ్మ వాడి పొట్లాలు రెండు వేళ్లతో పక్కకు జరిపి, 'ఇవి మరి ఎవరి చేతివి బాబూ?' అంది.

అప్పుడు అమూల్య లేచింది. పెళ్లికూతురు, తల వంచుకోకుండా చెప్పింది. 'అవి మా అన్న మిషనువి నాయనమ్మా. ఇవి సూర్యాపేట జ్యోత్స్న అక్క, కోదాడ ప్రవళిక అక్క చుట్టినవి. పేరు చెప్పొద్దన్నారు. నేను చెప్తున్న' అంది. మూడు ఫోన్లు వీడియో తీస్తున్నాయి. సాయంత్రానికల్లా కోదాడలో ఆ వీడియో చూడని మనిషి లేడు. 'మీ ఇంట్లో మీరే తినరా?' అని వాడి పేజీ కింద మూడు వందల కామెంట్లు.

నాయనమ్మ పెట్టిన రవికెల గుడ్డ, పసుపు, కుంకుమ ఈ డబ్బాలో ఉన్నాయి. ఎడమచేతి పిల్లకే ఇవ్వమని నా చేతిలో పెట్టింది.

ఎంత చల్లగా ఉందో కడుపులో!

ప్రవళి

*

సూర్యాపేట,
నవంబర్ 8.

ప్రవళికా,

రవికెల గుడ్డ అందింది. మా అత్త కళ్లకద్దుకుని గూట్లో పెట్టింది. పున్నానికి సెల్‌ఫోన్ల షాపువాడు వస్తే, 'అర్ర ఖాళీ లేదు నాయనా, మా కోడలి కార్ఖాన ఉన్నది' అని పంపించేసింది. బడికి నేను పోవడం లేదు. సారె ఆర్డర్లు ఇప్పటికి పదహారు.

ఒక సంగతి నీకు చెప్పలేదు. ఆండాళమ్మకు నేను ముందే ఫోన్ చేశాను. 'నాది ఎడమచెయ్యి అమ్మా, మీకు అభ్యంతరమైతే చెప్పండి' అన్నాను. 'ఏ చెయ్యయితేంది బిడ్డా, చెయ్యి గదా. మిషను గాకుంటే సాలు' అంది. ఆమె ఒప్పుకున్నాకే చుట్టాను. నీకు చెప్పకపోవడానికి కారణం ఉంది.

నిన్న అభినవ్ ఫోన్ చేశాడు. ఏడుపొక్కటే తక్కువ. 'అక్కా, రివ్యూలన్నీ మావే. తీసేస్తున్న. మీ పేజీల మా గురించి ఏం పెట్టకుండ్రి' అన్నాడు. గంటలో తీసేశాడు. నీ కింద తొమ్మిదీ పోయాయి. నా కింద ఇరవై రెండులో ఇరవై ఒకటి పోయాయి.

ఒకటి మిగిలింది. మళ్లీ ఫోన్ చేసి తిట్టాను. 'గది మాది కాదక్కా, మా చెల్లె మీద ఒట్టు. అసలు మీది ఎడమచెయ్యి అని నాకు మొన్నటిదాక తెల్వనే తెల్వదు' అన్నాడు.

ఏది మిగిలిందో నీకు చెప్పక్కర్లేదు. 'శుభకార్యానికి ఎడమచుట్టు వద్దు' అని సెప్టెంబర్లో నీ చేత్తో రాశావు. నేను నాలుగుసార్లు చదివిన వాక్యం అదే. అనుమానం అప్పుడే వచ్చింది.

ఒక్క ముక్క రాయి. అవునా, కాదా?

జ్యోత్స్న

*

కోదాడ,
నవంబర్ 14.

జ్యోత్స్నా,

అవును.

ఆ ఫోన్ మంట ఆరకముందే నీ కొత్త పేజీ కనిపించింది, రాశాను. నువ్వు నన్ను ఏమన్నావో నువ్వు ఏ ఉత్తరంలోనూ రాయలేదు, నేను రాస్తాను. 'జంతికలోళ్ల పిల్లవి. సకినం నీ చేతిలో పుట్టిందా, నీ తల్లి చేతిలో పుట్టిందా? మా దగ్గర నేర్చుకుని మాకే ఎసరు పెడతావా? బార్డర్ దాటి పో' అన్నావు. మా అమ్మది బార్డర్ అవతల, ఆంధ్రాలోని జగ్గయ్యపేట అని, నా మాటను హాస్టల్లో అందరూ వెక్కిరిస్తే నేను అన్నం మానేస్తే, 'మా ప్రవళిని ఎవరన్న ఏమన్న అంటే పండ్లు రాలగొడ్త' అని మెస్‌లో బల్ల గుద్దింది ఎవరు? నువ్వే. ఆ నోటితోనే అన్నావు.

నీకు ఎక్కడ నొప్పి పుడుతుందో నాకు ఒక్కదానికే తెలుసు. అందుకే అక్కడే కొట్టాను. మర్నాడు తీసేద్దామనుకున్నాను. నీ పేజీకి ఆర్డర్లు వస్తుంటే చూసి కసి పెరిగింది, ఉంచేశాను. సారెలు పోయాయని నీ మొదటి ఉత్తరంలో చదివినప్పుడు, దాచుకోను, సంతోషపడ్డాను. ఆ తర్వాత భయపడ్డాను. తీసేస్తే నేనే అని తెలిసిపోతుందని తీయలేదు.

ఎడమచుట్టు అశుభమని నేను నమ్మలేదు. కాని రాసి రాసి, అమూల్య దగ్గరకొచ్చేసరికి నా అబద్ధం నన్నే పట్టుకుంది. రవికెల గుడ్డ నా చేతిలో పెట్టినప్పుడు నాకు ఎలా ఉండి ఉంటుందో ఊహించుకో. అదే నాకు శిక్ష అనుకున్నాను. నీకు అది చాలదని తెలుసు.

ఇవాళ తీసేస్తాను. నీ పగ ఎలా తీర్చుకుంటావో నీ ఇష్టం. ఆర్డర్ పెడుతున్నాను, నా సొంత పేరుతో.

ప్రవళిక

*

సూర్యాపేట,
నవంబర్ 27.

కోదాడ ప్రవళికకు,

తీసేయకు. తీసేసి ఉంటే మళ్లీ పెట్టు. నాకు అది కావాలి.

డబ్బా విప్పేముందు మూత చూశావా? కొత్త లేబుల్. ప్రెస్సువాడు 'ఇదేం పేరక్కా, ఎవరన్న కొంటరా?' అన్నాడు. పెద్ద అక్షరాలతో 'ఎడమచుట్టు సకినాలు' అని. కింద చిన్న అక్షరాలతో నీ మాటే, 'ఈమె ఎడమచేత్తో చుడుతుంది'. అశుభం అన్నంతవరకు వేయలేదు, అంత స్థలం లేదు. పేజీ పేరు కూడా అదే చేశాను. నువ్వు నన్ను ఏ మాటతో పొడిచావో ఆ మాట మీదే నేను బతుకుతాను. నా ప్రతి డబ్బా నీ కళ్లబడుతుంది. కోదాడలో మీ వీధిలోకే వారానికి నాలుగు వస్తున్నాయి, ఒకటి ఆ పెళ్లికొడుకు నాయనమ్మ గారికి. ఇదీ నా పగ. జీవితాంతం చూసుకుంటూ ఉండు.

ఇప్పుడు నా సంగతి. ఆ మాట నేను అన్నాను. మర్చిపోయి రాయకపోవడం కాదు, కలం దాకా తెచ్చుకుని ప్రతిసారీ మింగాను. ఉత్తరాల నిండా నిన్ను దొంగ, దొంగ అన్నాను. మొదటి రాయి వేసింది నేనే. నిన్న మా అత్తకు చెప్పాను. ఆమె పిండి పిసుకుతూనే, 'నిన్ను పుర్రచెయ్యి అని లేపిన్రని ఇరవై ఏండ్ల సంది ఏడుస్తున్నవ్. గా పిల్లను నువ్వు ఏడికెల్లి లేపినవ్ సూసుకో' అంది.

క్షమించమని అడగను. అడిగితే నువ్వు మెత్తబడతావు, నాకు అది ఇష్టం లేదు. నేను నీ మాటను నా డబ్బా మీద వేసుకున్నాను. దమ్ముంటే నువ్వు నా మాటను నీ డబ్బా మీద వేసుకో. 'బార్డర్ సకినాలు' అని, ఇంత లావు అక్షరాలతో. నన్ను రోజూ గుచ్చాలి అది.

ఫోన్లో బ్లాక్ తీయను. నువ్వూ తీయకు. జవాబు కోసం నీ పేజీలో ఇప్పుడే అరకిలో పెట్టాను. ఈసారి బాలమ్మ పేరు మీద కాదు. జ్యోత్స్న, సూర్యాపేట. మూత మీద ఆ పేరు లేకుండా డబ్బా వస్తే తీసుకోను, వాపసు పంపుతాను.

జ్యోత్స్న